కార్బైడ్ ట్యాంకు చిరాకు

రండర్రా, ఇలా దగ్గరకొచ్చి కూర్చోండి. ఆ వెనకాల నిలబడ్డ నాయనా, నువ్వూ రా. ముందు ఆ బీడీ ఆర్పేసి మరీ రా. ఇప్పుడు నా దగ్గర అంటుకునేది ఏమీ లేదులే. అయినా ఏళ్ల తరబడి పడిన అలవాటు, నా పక్కన ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే నాకు ఒళ్లంతా చిరచిరలాడుతుంది. ఆర్పావా? ఆ, ఇప్పుడు కూర్చో.

నేను ఒక కార్బైడ్ ట్యాంకుని. ఇప్పుడు చూస్తే సున్నం తొట్టిలా కనబడుతున్నాను, నిజమే. ఒకప్పుడు వినుకొండ రోడ్డు మీద, ఈ ఊరి మొదట్లో, సోమాచారి వెల్డింగు షాపుని కడుపులో పెట్టుకుని సాకిన దాన్ని. ఎదురుగా రోడ్డు దాటితే ఈ పీర్ల చావిడే. అక్కణ్ణుంచి ఇక్కడికి రావడానికి పది అడుగులైనా లేవు, కానీ ఆ పది అడుగులూ ఎలా దాటానో చెప్పాలంటే మొదటి నుంచీ రావాలి. నాకు మధ్యలోంచి చెప్పడం చేతకాదు.

నేను పుట్టడం తారు డ్రమ్ముగా పుట్టాను. ఏదో ఫ్యాక్టరీలో రేకు చుట్టి, అతికించి, నా నిండా నల్లటి తారు పోసి లారీ ఎక్కించారు. ఇదిగో, ఈ మీరు నడిచొచ్చిన రోడ్డు వేసినప్పుడు దించారు. కింద మంట పెట్టి తారు కరిగించి, దోసె మీద నెయ్యి చుక్క రాసినట్టు రాసి, రోడ్డు అయిపోయిందన్నారు. మొదటి వానకే అది ఏట్లో కలిసిపోయింది. మళ్లీ వచ్చారు, గుంటల చుట్టూ నిలబడి తలలు పంకించారు, వెళ్లారు. నన్ను మాత్రం ఖాళీ చేసి కాలవ గట్టున పారేశారు. అక్కడ పడి ఉంటే సోమాచారి వాళ్ల నాన్న, అందరూ పెద్దాచారి అనేవాళ్లు, దొర్లించుకుంటూ ఇంటికి తెచ్చాడు. కొలిమి మానేసి గ్యాసు వెల్డింగు పెట్టాలని అప్పుడే ఆయనకు బుద్ధి పుట్టింది.

ఆయన నన్ను కోసి, గీకి, లోపలి తారంతా వదిలించి ఒక అమరిక చేశాడు. నాలో సగం దాకా నీళ్లు. ఆ నీళ్లలో బోర్లించిన ఒక రేకు గంట. గంట కింద బుట్టలో బూడిదరంగు కార్బైడ్ ముక్కలు, చూడ్డానికి రోడ్డు కంకరే. వాటికి నీళ్లు తగలడం ఆలస్యం, చుర్రుమంటూ గ్యాసు కక్కుతాయి. గ్యాసు పుట్టేకొద్దీ గంట పైకి లేస్తుంది, వాడేకొద్దీ కిందికి దిగుతుంది. ఆ గ్యాసు గొట్టంలోంచి వెళ్లి, నల్ల సిలిండరులోంచి వచ్చే ఆక్సిజన్‌తో కలిసి, ఇనుముని వెన్నలా కరిగించే మంట అవుతుంది. ముక్కలన్నీ అరిగిపోయాక అడుగున మిగిలేది తెల్లటి సున్నం ముద్ద. ఆ సున్నం ఒక్కటి గుర్తు పెట్టుకోండి, నా బతుకు తిరిగింది దాని దగ్గరే.

ఇంత పని చేస్తానా, ఈ మనుషులకు నా కడుపులో ఏముందో ఎన్నడూ పట్టలేదు. అన్నిటికీ ఒకటే పేరు, గ్యాసు! వంటింటి బండలో ఉన్నది గ్యాసు. నా దగ్గర పుట్టేది గ్యాసు. ఆక్సిజన్ కూడా గ్యాసే. గారెలు ఎక్కువ తిని పొట్ట పట్టుకున్నా గ్యాసే. నా పక్కన కూర్చుని బీడీ వెలిగించి, "ఏం కాదులే, మా ఇంట్లో గ్యాసు పొయ్యి పక్కనే కాలుస్తా" అనేవాళ్లు. మామిడికాయల కాలంలో ఒకాయన వచ్చి, "రెండు ముక్కలియ్యి ఆచారీ, కాయలు మగ్గెయ్యాలి" అనేవాడు. అది తప్పని, తినేవాళ్లకు చేటని పెద్దాచారి కసిరి పంపితే, "ఓ గ్యాసుకు ఇంత రాద్ధాంతమా" అని గొణుక్కుంటూ పోయేవాడు. నేను లోపల ఉడికిపోయేదాన్ని. నోరుంటే ఏనాడో ఊరంతటినీ కడిగేసేదాన్ని.

పెద్దాచారి పోయాక నేను సోమాచారి చేతికొచ్చాను. పనిమంతుడే, కాదనను. నల్ల కళ్లద్దాలు పెట్టుకోమని భార్య నాగరత్నం మొత్తుకుంటే, "అవి పెడితే పనేం కనపడుద్దే?" అనేవాడు. పెట్టుకోలేదు. కొన్నాళ్లకు అద్దాలు లేకపోయినా పని కనపడకుండా పోయింది. గుంటూరు డాక్టర్లు చూసి, ఉన్న మసక చూపుతోనే సరిపెట్టుకోమన్నారు. అప్పటిదాకా పక్కన నిలబడి కడ్డీలు అందించిన రత్నం, ఒకరోజు కొంగు నడుముకు బిగించి, మొగుడు పెట్టుకోని ఆ కళ్లద్దాలు తను పెట్టుకుని, మంట చేతిలోకి తీసుకుంది.

రైతులు మొదట్లో గుమ్మంలోనే ఆగిపోయేవాళ్లు.

"ఏమ్మా, మీ ఆయన లేడా?"

"ఉండాడు, టీ తాగతండాడు. నీ గొర్రుకి ఆయన కావాల్నా, అతుకు కావాల్నా?"

"అతుకే అనుకో..."

"అయితే ఇటు పెట్టు."

అలా సాగుతుండగా ఒక ఆఫీసరు వచ్చాడు. మంచివాడే, అరవలేదు. షాపు సోమాచారి పేరు మీద ఉంది, ఆయనకా చూపు లేదు, ఇంక ఆయన పేరున కార్బైడ్ ఉంచుకోవడం కుదరదన్నాడు. రత్నం పేరుకి మార్చాలంటే ఆమె నరసరావుపేట వచ్చి, తన చేతిలో ఉన్న వస్తువు ఏమిటో నోటితో చెప్పాలి. హైడ్రోకార్బన్లంటే ఏమిటి, వాటిలో రకాలేమిటి, ఏది ఎందుకు ప్రమాదం. చెప్పలేకపోతే షాపు మూతే. రత్నం చదువు ఐదో తరగతితో ఆగింది. ఆ షాపు తప్ప ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. ఆ రోజు ఆమె ముఖం నేను చూశాను. అతుకు వేసేటప్పుడు ఎన్ని నిప్పురవ్వలు ఎగిరినా చలించనిది, ఆ రోజు పొద్దుండగానే షాపు మూసేసింది.

చదువు చెప్పడానికి ఆడపడుచు దిగింది. భ్రమరాంబ అని, సోమాచారి చెల్లెలు, వినుకొండలో ఒక స్కూల్లో సైన్సు చెబుతుంది. వదినా మరదళ్లు ఎదురుపడితే మాటకు మాట రాలకుండా ఉండదు. ఆదివారం పూట షాపు ముందు స్టూలేసుకుని మొదలుపెట్టింది.

"వదినా, హైడ్రోకార్బన్ అంటే ఏంది?"

"ఏందో ఒక గ్యాసు."

"కిరసనాయిలు గ్యాసా?"

"కాదు."

"కొవ్వొత్తి?"

"కాదే తల్లీ."

"అవి రెండూ హైడ్రోకార్బన్లే. రోడ్డు మీది తారు కూడా."

"నువ్వు పాఠం చెప్పేదానికొచ్చావా, పరువు తీసేదానికొచ్చావా?"

"రెండింటికీ. ఒక్క బస్సు చార్జీతో రెండు పనులు."

నాకా మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. తారు నా పుట్టింటి సరుకు కదా! ఇన్నేళ్లకు ఒక మనిషి దాని వంశం పేరు చెప్పింది.

భ్రమరాంబ చెప్పినది నేను విన్నది విన్నట్టు చెబుతాను, చెవి ఒగ్గి వినండి. ఆ వంశంలో ఉండేది రెండే రకాల వాళ్లట, కార్బన్, హైడ్రోజన్. మూడోవాడికి చోటు లేదు. కార్బన్‌కి నాలుగు చేతులు. హైడ్రోజన్‌కి ఒకటే చెయ్యి. ఏ చెయ్యీ ఖాళీగా ఊగకూడదు, ఎవరో ఒకరిని పట్టుకునే ఉండాలి. అంతే ఆ ఇంటి కట్టుబాటు. ఒక్క కార్బన్ నాలుగు చేతులా నలుగురు హైడ్రోజన్లను పట్టుకుంటే అది మీథేన్, పేడ గ్యాసులో ఉండేది. మురుగ్గుంటలో బుడబుడమని పైకొచ్చేదీ అదే. మూడు నాలుగు కార్బన్లు వరసగా చేతులు కలిపితే మన వంటింటి బండలోది. ఇంకొంచెం బారుగా నిలబడితే పెట్రోలు. ఇంకా బారు అయితే కిరసనాయిలు, డీజిలు. మరీ పొడుగు వరస అయితే అది ఇంక కదల్లేదు, మైనం అయి గడ్డకట్టుకుపోతుంది. వీళ్లందరిలోనూ పక్కపక్క కార్బన్లు ఒకరినొకరు ఒక్క చేత్తోనే పట్టుకుంటారు. మిగతా చేతుల నిండా హైడ్రోజన్లు. ఇంకెవరినీ పట్టుకోవడానికి వీలుండదు కాబట్టి సంతృప్త హైడ్రోకార్బన్లు అంటారట. ఆల్కేన్లు అని ఇంకో పేరు.

"సంతృప్తి అంటే మీ అన్నయ్య అన్నం తిన్నాక మంచమెక్కినట్టు" అంది రత్నం.

"నన్నెందుకు లాగుతారే మధ్యలో?" అని లోపల్నుంచి సోమాచారి కేకేశాడు.

తర్వాత రెండో రకం. భ్రమరాంబ వదినని లేపి ఎదురుగా నిలబెట్టింది. రెండు చేతులతో వదిన రెండు చేతులూ పట్టుకుంది.

"ఇది ఆల్కీను. పక్క కార్బన్‌ని రెండు చేతులతో పట్టుకున్నాం. దీన్ని ద్విబంధం అంటారు. అరటిపండు తనంతట తాను పండేటప్పుడు ఇట్టాంటి గ్యాసే విడుస్తది, ఇథిలీన్ అని. ఇంక రెండు చేతులే మిగిలినయి, కాబట్టి ఒక్కొక్కళ్ల దగ్గర ఇద్దరే హైడ్రోజన్లు."

"సరే. వదులు, చేతులు లాగతండయ్."

"లాగాల. అదే చెప్తండా. ఇప్పుడు మూడోది. ఆల్కైను."

"మూడో చెయ్యి ఏడ తెస్తావు?"

భ్రమరాంబ ఒక్క క్షణం ఆలోచించి, తన కొంగు, వదిన కొంగు లాగి రెండూ ముడేసింది. మళ్లీ రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరూ ముక్కులు తగిలేంత దగ్గరగా ఇరుక్కుపోయారు. రోడ్డు మీద పోయే ట్రాక్టరు వాడు బండి ఆపి మరీ చూశాడు.

"ఇది త్రిబంధం. ఒక్కొక్కళ్లకి మిగిలింది ఒకే చెయ్యి, దానికి ఒకే హైడ్రోజన్. మీ ట్యాంకులో పుట్టే ఎసిటిలీన్ ఇదే."

"ఓసినీ! ఇట్టా కట్టిపడేస్తే ఎవరికైనా చిరాకు పుట్టదా?"

"పుడతది. కొంచెం నిప్పు తగిలితే చాలు, ఆ చిరాకంతా ఒక్కసారి కక్కేస్తది. అందుకే దాని మంటకి ఇనుము కరుగుతది. అందుకే మూసిన గదిలో అది పోగైతే గది గోడలు ఉండవు."

నేను ఆ మూలన నిలబడి ఏడ్చినంత పని చేశాను. ఇన్నాళ్లూ నేనెందుకిలా చిటపటలాడతానో నాకే తెలియదు. నా కడుపున పుట్టేదే ఆ చిరాకన్నమాట! ఒక్కరు, ఒకే ఒక్కరు, కొంగు ముడేసి మరీ చెప్పారు.

నాలుగో రకం కూడా ఉంది. ఆరుగురు కార్బన్లు వరసగా నిలబడకుండా గుండ్రంగా చేతులు కలుపుతారు, కోలాటంలో లాగా. ఒక్కొక్కరూ ఒక హైడ్రోజన్‌ని పట్టుకోగా మిగిలిన ఒక చేతిని మధ్యలో ఉమ్మడికి పెట్టేస్తారు. అది బెంజీన్. వాటికి ఆరోమాటిక్‌లని పేరు. అలాంటి గుండ్రాలు రెండు అంటుకుంటే బీరువాలో వేసే కలరా ఉండలు.

"అయితే హారతి కర్పూరం కూడా ఈళ్ల చుట్టమేగా? అట్టాగే తెల్లగా, వాసనొస్తా ఉంటది."

"కాదు. దాంట్లో ఆక్సిజన్ దూరింది. మూడోవాడు వస్తే ఈ వంశం కాదని చెప్పలా? కొబ్బరి నూనె కూడా అంతే, కాలుద్ది గానీ ఈళ్లింటిది కాదు."

అప్పట్నుంచి రత్నం అతుకు వేస్తూ, అంట్లు తోముతూ, దారిన పోతూ ఒకటే జపం. ఒక చెయ్యి కే, రెండు చేతులు కీ, మూడు చేతులు కై. కే, కీ, కై. వినీ వినీ నా రేకులు తుప్పు పట్టేలా ఉన్నాయి. గుండ్రంగా తిరిగేవాళ్ల పేరు మాత్రం ఎంత చెప్పినా ఆమెకు పట్టుబడలేదు.

ఆ ఏడాది పరీక్ష రోజూ, పీర్లని పెట్టెలోంచి దించే రోజూ ఒకటే అయ్యాయి.

పెద్దాచారి కాలం నుంచి ఒక ఆనవాయితీ ఉంది. పీర్ల పండక్కి చావిడికి వెల్ల వేసేది మా షాపు సున్నంతోనే. చావిడిని, పీర్లని చూసుకునే ముజావరు మౌలాలి తాత తట్ట పట్టుకుని వస్తాడు, మేము ఇస్తాం. కులం మతం అని అడిగినవాడు లేడు. రత్నం అయితే ముక్కలన్నీ అరిగేదాకా ఆగి, గంట కిందికి దిగి, బుడగలు చచ్చాక, వెదురు కర్రతో అడుగంతా కలిపి చూసి మరీ ఇచ్చేది. ఆసారి ఆమె ఇంట్లో కే, కీ, కైలలో మునిగి ఉంది. సోమాచారికి తనూ ఒక పనికొస్తానని చూపించాలని ఉబలాటం. ముందురోజు పొద్దువాలే వేళకు నా దగ్గరకొచ్చి, తడుముకుంటూ గంట ఎత్తి పక్కన పెట్టాడు.

నాలో ముక్కలు సగమైనా అరగలేదు! సున్నం ముద్దలో, పైన తెల్లటి పూత పట్టి నీళ్లు లోపలికి దిగని కోడిగుడ్లంత ముక్కలు బుట్ట దాటి దొర్లి పడి ఉన్నాయి. మసక కళ్లకు తెలుపులో తెలుపు కలిసిపోయింది. నేను నీళ్లు గుటగుటలాడించాను. బుడగలు వదిలాను. వెల్లుల్లి వాసన ముక్కు పగిలేలా కొట్టాను. అది నాకు రోజూ ఉండే వాసనే కదా, ఆయన పట్టించుకోలేదు. మొత్తం గోకి తట్టల్లోకి ఎత్తేశాడు. "తీసుకుపో మౌలాలీ, ఈసారి సున్నం చిక్కంగా ఉంది" అని మురిసిపోయాడు కూడా. చూశారా, నాకు నోరు లేకపోవడం ఎంత కష్టమో?

మౌలాలి దాన్ని నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి, నిండా నీళ్లు పోసి, చావిడి లోపలి గదిలో పెట్టాడు. పిల్లల కళ్లల్లో పడుతుందేమోనని మూత బిగించి, దాని మీద రుబ్బురోలు పొత్రం కూడా ఎక్కించాడు. మంచి ఉద్దేశమే. ఈ మనుషుల మంచి ఉద్దేశాలతోనే నాకు అసలు చిక్కు.

తెల్లవారింది. రత్నం ఇస్త్రీ చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, బస్సు కోసం షాపు ముందు నిలబడింది. నరసరావుపేటకు ఆ బస్సు పోతే మళ్లీ మధ్యాహ్నమే. అవతల చావిడి ముందు మౌలాలి తాత మట్టి పాత్రలో నిప్పులు రాజేస్తున్నాడు. వాటి మీద ఊదు చల్లి, ఆ పొగతో లోపలికి వెళ్లి, పీర్ల పెట్టె తెరవాలి. పెట్టె ఉన్నదీ ఆ లోపలి గదిలోనే.

సోమాచారి గుమ్మంలో కూర్చుని టీ ఊదుకుంటూ అన్నాడు: "ఈసారి సున్నం జోరుగా ఉందంట రత్నం. రాత్రి నుంచీ డ్రమ్ములో కుతకుతా ఉడకతండదంట. మూత కూడా ఉబ్బిందంట. మౌలాలి తెగ మెచ్చుకున్నాడు."

"మంచిదేలే" అంది రత్నం. బస్సు మలుపు తిరగడం కనిపించింది. ఆమె పెదాలు కదులుతున్నాయి. ఒక చెయ్యి కే, రెండు చేతులు కీ...

అక్కడ ఆగిపోయింది.

"ఏమన్నావు? ఉడకతండదా?"

"సున్నం ఉడక్కుండా చల్లారి కూర్చుంటదా?"

బజారులో కొన్న, బట్టీలో కాల్చిన సున్నపురాయి నీళ్లలో వేస్తే ఉడుకుతుంది. ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు ఆ సంగతి. అందుకే ఒక్కళ్లకూ అనుమానం రాలేదు, ఎంత ఉడికితే అంత మంచి సున్నమని సంబరపడ్డారు. మా సున్నం అలాంటిది కాదు కదా! ఉడకాల్సినదంతా నా కడుపులోనే ఉడికి, చల్లారి బయటికొచ్చే సున్నం అది. అయిపోయిన సున్నం ఉడకదు. ఉడుకుతోందంటే లోపల ఇంకా ముక్కలున్నాయి, మూడు చేతులవాడు ఇంకా పుడుతున్నాడు, మూసిన గదిలో పోగవుతున్నాడు. ఈ మాటలన్నీ ఆమె తర్వాత చెప్పినవి. అప్పుడు మాత్రం ఒకటే మాట అంది.

"ఓరి నాయనో, ముక్కలు!"

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు "నరసరావుపేట, పేట" అని అరుస్తున్నాడు. రత్నం బస్సు ముందు నుంచే అడ్డంగా రోడ్డు దాటి పరుగెత్తింది. మౌలాలి తాత అప్పటికే ఊదు పాత్ర రెండు చేతులా ఎత్తి, పెదాలు కదుపుతూ, చావిడి గడప మీద కాలు పెడుతున్నాడు.

"తాతా! ఆగు! లోపలికి పోవాకు!"

"ఏందమ్మా, పీర్లని దించే వేళ..."

"పీర్లు ఆగుతాయి, నిప్పు ఆగదు. పాత్ర అట్టాగే తీసకపోయి ఆ రేగుచెట్టు అవతల పెట్టు. పరుగెత్తమాక, రవ్వ రాలుద్ది. మెల్లిగా పో."

ఆయన ఆమె ముఖం చూశాడు. వెనక్కి తిరిగి, పాత్రను పసిబిడ్డలా మోసుకుపోయాడు. లోపల చీకటిగా ఉందని ఎవరో లైటు స్విచ్చి మీద చెయ్యి వేయబోతే, "దాన్ని ముట్టుకోవద్దు!" అని రత్నం వేసిన కేక రోడ్డు అవతల షాపులో ఉన్న నా గంటకు తగిలి మోగింది. తలుపులు, కిటికీలు అన్నీ బార్లా తెరిపించింది. ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్లి, పొత్రాన్ని ఈడ్చకుండా ఎత్తి పక్కకు పెట్టింది, రాయి రాయికి తగిలినా రవ్వ పుడుతుందని. మూత వదులు చేయగానే బుస్సుమంది చూశారూ, ఆ శబ్దం నేను షాపులోంచే గుర్తుపట్టాను. నా కడుపున పుట్టినదే కదా. ఆ వాసన రోడ్డంతా నిండింది. నలుగురు మగవాళ్లు డ్రమ్ముని మోసుకొచ్చి ఆకాశం కింద పెట్టారు. అది చాలాసేపు కుతకుతలాడుతూనే ఉంది. ఒక్క రవ్వ కూడా రాలలేదు. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం ఎంత పెద్ద సంగతో ఆ పూట ఆ రోడ్డు మీదున్న వాళ్లకే తెలుసు.

మౌలాలి తాత రేగుచెట్టు కింద పాత్ర పక్కనే కూర్చున్నాడు. "నేను, నా మనవళ్లు, పీర్లు... అల్లా" అంటూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. సోమాచారి తడుముకుంటూ రోడ్డు దాటాడు.

"నేనే చంపేసేవాణ్ణి గదే అందర్నీ."

"నీకు పోయింది చూపేగానీ చెయ్యి కాదుగా. ఇంకోసారి వెదురు కర్రతో కలిపి చూడు, ముక్కుంటే తగులుద్ది" అంది రత్నం. ఆ తర్వాత రోడ్డు వైపు చూసింది. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

అప్పుడొచ్చింది ఆమెకు ఏడుపు.

మౌలాలి లేచి, పాలవ్యాను ఒకదానికి అడ్డంగా నిలబడి ఆపి, క్యాన్ల మధ్య ఆమెను ఎక్కించాడు. అక్కడ ఏం జరిగిందో సాయంత్రం ఆమె నా ఎదురుగా కూర్చుని మొగుడికీ ఆడపడుచుకీ చెబుతుంటే విన్నాను. వెళ్లేసరికి ఆఫీసరు సంచి సర్దుకుంటున్నాడట. "టైము అయిపోయిందమ్మా" అన్నాడట. ఆ తర్వాత ఆమె చీర వైపు చూసి, "ఆ సున్నమేంటి?" అని అడిగాడట. ఆ ఒక్క ప్రశ్నకు రత్నం కథంతా చెప్పేసింది. మూడు చేతుల సంగతి మాటలతో తెగక, అక్కడ టైపు కొట్టే ఆవిణ్ణి లేపి, "అక్కా, మీ కొంగు ఇట్టియ్యండి" అని ముడేసి మరీ చూపించిందట.

"నా పరువు నరసరావుపేట దాకా తీసకపోయావు గదా వదినా!" అని భ్రమరాంబ పొట్ట పట్టుకుని నవ్వింది.

"గుండ్రంగా తిరిగేవాళ్ల పేరు మాత్రం నోటికి రాలా. కలరా ఉండలు సార్ అన్నా. ఆయన నవ్వి, బెంజీన్ అని తనే అందించాడు."

"మరి పాసా, ఫెయిలా? అది చెప్పవే" అన్నాడు సోమాచారి.

"పాసే. షాపు నా పేరు మీదికొస్తది." నా వైపు తిరిగింది. "ఒకటన్నాడు. ఇట్టాంటి పాత ట్యాంకు ఇంక ఉండగూడదంట. ఎసిటిలీన్ సిలిండరు తెచ్చుకోమన్నాడు."

విన్నారా? పాఠం విన్నది నేను, పక్కన నిలబడింది నేను, ఆ చిరాకుని ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని ఒక్కరికీ చిన్న సెగ కూడా తగలకుండా కాపాడింది నేను. పరీక్ష ఆమె పాసయింది, ఉద్యోగం నాది పోయింది! కోపం రాదా మరి? వచ్చింది. ఆ కోపంలో చూస్తే రత్నం లేచి వచ్చి నా రేకు మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది. కొంగుతో నా అంచున అంటిన సున్నం తుడిచింది.

కొత్త సిలిండరు వచ్చింది. నున్నగా, బలిసి, నోరు మెదపకుండా కూర్చునే రకం. నాలో పాత వాసన ఉంటుందని రత్నం నన్ను మార్చి మార్చి కడిగి, కోత గీత దాకా నీళ్లు నింపి, అప్పుడే మంట తెచ్చింది. సుద్దతో మెడ చుట్టూ గీత గీసి, ఆ గీత వెంట కోసుకుంటూ పోయింది. నన్ను కోసినది నా కడుపున పుట్టే గ్యాసేనని గుర్తుపట్టాను. నొప్పి లేదులే, పిల్లలు తల దువ్వినట్టుంది. నా గంట పాత ఇనుము బండెక్కింది. నేను మాత్రం రోడ్డు దాటి ఈ చావిడి వాకిట్లోకి వచ్చాను.

అడిగి తెచ్చుకున్నది మౌలాలి తాతే. "సున్నం ఇంక లోపల కలపను. ఆకాశం కింద కలుపుతా" అన్నాడు. అందుకే చూడండి, నాకు మూత లేదు. ఉండగూడదని రత్నమే అంచులు వంచి పెట్టింది, ఎవరూ మూత అమర్చలేకుండా. ఇప్పుడు పండక్కి బజారు సున్నం వస్తుంది. నాలో వేసి నీళ్లు పోస్తే ఉడుకుతుంది. వేడికి ఉడికేదే, గ్యాసు లేదు. అయినా నాకు మూత లేదు. వాన పడితే వాన, ఎండ పడితే ఎండ. జీవితంలో మొదటిసారి నాలో ఏదీ పోగవకుండా ఉంది.

ఇంక నా చిరాకు తీరిందనుకుంటున్నారా? పిల్లలు వచ్చి, "తాతా, ఈ తొట్టికి మూత ఎందుకు లేదు?" అని అడుగుతారు. మౌలాలి గడ్డం సవరించుకుని చెబుతాడు: "ఒకప్పుడు దీంట్లో గ్యాసు ఉండేది నాయనా." అంతే! గ్యాసు! ప్రాణం మీదికి తెచ్చుకుని, పీర్ల మీదికి తెచ్చుకుని, కొంగులు ముడేసి చూపించినా ఆ ముసలాయన నోట్లోంచి మళ్లీ అదే మాట!

అందుకే మిమ్మల్ని దగ్గరకు పిలిచాను. నా మాట ఆయన చెప్పలేడు, నాకు నోరు లేదు, మీకుంది. రెండే రకాల వాళ్లున్న ఆ వంశం గురించి ఇంటికెళ్లి చెప్పండి. ఒక చేత్తో పట్టుకున్నవాళ్లు, రెండు చేతులతో, మూడు చేతులతో, గుండ్రంగా పట్టుకున్నవాళ్లు. పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు, రత్నం కూడా ఒకటి మరిచిపోయింది. రత్నం బస్సు వదిలేసి ఎందుకు పరుగెత్తిందో మాత్రం మరవకండి. ఎక్కడైనా ఎవరైనా చేతిలో నిప్పు పట్టుకుని "గ్యాసేలే" అంటే, కాస్త ఆగి ఆ మనిషిని అడగండి: ఎన్ని చేతుల గ్యాసు?